సుంకి ఘాట్‌లో వెలిగే పసుపు లైటు: ఆరు లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీలో లోపం ఎక్కడ?

సంక్షిప్తంగా

మీటర్ బోర్డు మీద పసుపు రంగులో వెలిగే చెక్ ఇంజన్ లైటు పాడైన భాగాన్ని చూపించదు. కంప్యూటర్ జరిపే పరీక్షల్లో ఏదో ఒకటి తప్పిందని మాత్రమే చెబుతుంది. బాగా తిరిగిన లారీలో ఆ పరీక్ష తప్పడానికి మూలం చాలాసార్లు కంప్యూటర్ నమోదు చేసే లోపం కోడ్‌లో పేరున్న భాగంలో కాక, చిరిగిన రబ్బరు హోసులోనో, చిలుము పట్టిన ఎర్త్ వైరులోనో ఉంటుంది. ఒడిశా సరిహద్దు ఘాట్ దారుల్లో నడిచే బండ్ల విషయంలో ఏ కోడ్ వచ్చిందన్నది ఎంత ముఖ్యమో, లైటు ఏ చోట, ఎంత లోడు మీద, ఎక్కుతుండగానా దిగుతుండగానా వెలిగిందన్నదీ అంతే ముఖ్యం.

చెవితో పట్టే మేస్త్రి నుంచి స్కానర్ దాకా

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు పేరు చెబితే ఉత్తరాంధ్రలో ముందుగా గుర్తొచ్చేవి లారీలే. విజయనగరం నుంచి సాలూరు, సుంకి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా కొరాపుట్ చేరే రహదారి పాత లెక్కలో 43, కొత్త లెక్కలో 26. కొరాపుట్ దాటిన లారీలు జగదల్‌పూర్, రాయపూర్ వైపు సాగుతాయి. ఈ దారి మీద దశాబ్దాలుగా తిరిగిన లారీలు చాలావరకు మెకానికల్ పంపు ఉన్నవి. బండి లాగకపోతే మేస్త్రి ఇంజన్ రేజ్ చేయించి శబ్దం వినేవాడు, పొగ గొట్టం దగ్గర నిలబడి పొగ రంగు చూసేవాడు, నాజిళ్లు విప్పి పంపు దుకాణానికి పంపేవాడు. నల్ల పొగ వస్తే గాలి తక్కువనీ డీజిల్ ఎక్కువనీ, నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతోందనీ, తెల్ల పొగ వస్తే డీజిల్ సరిగా మండడం లేదనీ, నీరు చేరుతోందనీ అర్థం చేసుకునే పద్ధతి తరతరాలుగా పనిచేసింది.

2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 అమల్లోకి రావడంతో ఆ పద్ధతి సగానికి సగం చెల్లకుండా పోయింది. భారీ డీజిల్ ఇంజన్ ఒక్కో కిలోవాట్ అవర్ పనికి వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి మూడున్నర గ్రాముల నుంచి 0.4 గ్రాములకు, అంటే దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోయింది. అంత తేడాను ఇంజన్ ఒక్కటే సాధించలేదు. అందుకే పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే జల్లెడ, యూరియా ద్రావణంతో నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే ఎస్‌సీఆర్ గది, వాటికి ముందూ వెనకా ఉష్ణోగ్రత, ఒత్తిడి, వాయువులను కొలిచే సెన్సార్లు వచ్చి చేరాయి. వీటన్నింటినీ ఇంజన్ కంప్యూటర్ అనుక్షణం పరీక్షిస్తూ ఉంటుంది.

2020, 2021 సంవత్సరాల్లో కొన్న బండి ఏడాదికి లక్ష కిలోమీటర్ల చొప్పున తిరిగి ఉంటే ఇప్పటికి దాని వారంటీ ముగిసి లేదా ముగింపుకు వచ్చి, మీటరు ఐదారు లక్షలు దాటి ఉంటుంది. భారత్ స్టేజ్ 6 లారీల తొలి తరం ఇలా ఒకేసారి పాతబడుతుండటమే ఇప్పుడు సరిహద్దు ఊళ్లలో చెక్ ఇంజన్ లైటు గురించి ఇంత చర్చ జరగడానికి ప్రధాన కారణం. కంపెనీ సర్వీస్ సెంటరుకు వెళితే అయ్యే ఖర్చు ఒక ఎత్తు, లోడుతో ఉన్న బండి రోజుల తరబడి ఆగిపోవడం మరో ఎత్తు.

లైటు వెలగడానికి ముందు జరిగేది

మీటర్ బోర్డు మీద ఇంజన్ ఆకారంలో కనిపించే పసుపు లైటుకూ, ఆయిల్ ప్రెషరు లేదా నీళ్ల వేడి విషయంలో వెలిగే ఎర్ర లైటుకూ స్వభావంలోనే తేడా ఉంది. ఎర్ర లైటు బండిని వెంటనే పక్కకు తీసి ఆపమంటుంది. పసుపు లైటుకు అంత తొందర లేదు గానీ, దాన్ని నెలల తరబడి ఓర్చుకునే అవకాశాన్ని కూడా నిబంధనలు ఇవ్వలేదు.

పసుపు లైటు వెనుక ఉన్నది పోల్చి చూసే పని. ఇంత యాక్సిలరేటర్ తొక్కితే, ఇంత వేగం మీద, ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో నుంచి ఇంత గాలి ఒత్తిడి రావాలని కంప్యూటర్‌లో ముందే రాసి ఉంటుంది. సెన్సారు చూపే అంకె ఆ విలువకు నిర్ణీత హద్దును మించి, నిర్ణీత సమయం పాటు దూరంగా ఉంటే కంప్యూటర్ దాన్ని లోపంగా నమోదు చేస్తుంది. కొన్ని లోపాలకు మొదటిసారే లైటు వెలుగుతుంది, మరికొన్ని రెండో ప్రయాణంలో కూడా కనిపిస్తేనే వెలుగుతుంది. లోపం మళ్లీ కనిపించకుండా సాధారణంగా వరసగా మూడు ప్రయాణాలు సాగితే లైటు తనంతట తానే ఆరిపోతుంది. కోడ్ మాత్రం జ్ఞాపకంలో ఇంకా చాలా కాలం నిలిచి ఉంటుంది. లైటు ఆరినంత మాత్రాన బండి బాగుపడిందని అనుకోవడం గానీ, వెలిగింది కాబట్టి ఏదో భాగం చచ్చిపోయిందని అనుకోవడం గానీ ఈ లెక్కలో నిలవవు.

భారీ వాహనాల్లో కోడ్ ఎక్కువగా రెండు సంఖ్యల జంటగా వస్తుంది. మొదటిది ఎస్‌పీఎన్, అంటే ఏ కొలత గురించి ఫిర్యాదు వచ్చిందో చెప్పే సంఖ్య. 102 అయితే టర్బో దాటాక ఇంజన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి, 157 అయితే అన్ని నాజిళ్లకూ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టమైన కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి, 168 అయితే బ్యాటరీ వోల్టేజ్, 3251 అయితే డీపీఎఫ్‌కు ముందూ వెనకా ఉన్న ఒత్తిడి తేడా, 4364 అయితే ఎస్‌సీఆర్ గది ఎంత సమర్థంగా పనిచేస్తోందన్న లెక్క. రెండోది ఎఫ్ఎమ్ఐ, అంటే ఆ కొలత ఏ విధంగా తప్పిందో చెప్పే సంఖ్య. దుకాణాల్లో మొదటి సంఖ్యకు ఇచ్చే గౌరవం రెండోదానికి దక్కడం లేదు, నిజానికి డబ్బు మిగిలేది రెండోదాన్ని చదివినప్పుడే. ఎఫ్ఎమ్ఐ 3, 4, 5 వస్తే సెన్సారు నుంచి వచ్చే కరెంటు సంకేతమే అసహజంగా ఉందని అర్థం, కాబట్టి ముందు చూడాల్సింది వైరు, ప్లగ్గు, ఎర్త్. 0, 1, 16, 18 వస్తే సంకేతం సవ్యంగానే ఉంది, కొలిచిన విలువే నిజంగా ఎక్కువగానో తక్కువగానో ఉందని అర్థం. రెండో సందర్భంలో సెన్సారు మార్చడమంటే జ్వరం చూపించిందని థర్మామీటరును పారేసి కొత్తది కొనడమే.

ఎక్కుడులో వెలిగితే

సాలూరు దాదాపు మైదానం ఎత్తులో ఉంటుంది, కొరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈ ఎక్కుడులో అధిక భాగం సుంకి ఘాట్ మలుపుల్లోనే ఉంది. నిండు లోడుతో ఉన్న లారీ ఇక్కడ చిన్న గేర్లలో, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిన స్థితిలో చాలాసేపు నడుస్తుంది. విజయనగరం వైపు చదును రోడ్డు మీద అదే బండికి ఇంజన్ శక్తిలో కొంత భాగమే సరిపోతుంది. బావిలో ఊట తగ్గిన సంగతి రెండు బిందెలు తోడినప్పుడు తెలియదు, మోటారు పెట్టి గంటసేపు తోడితే బయటపడుతుంది. మైదానంలో నెలల తరబడి దాగి ఉన్న లోపం ఘాట్‌లో పది నిమిషాల్లో కోడ్‌గా మారడానికి కారణం ఇదే. లోపాన్ని పుట్టించింది ఘాట్ కాదు.

ఎక్కుడులో వచ్చే కోడ్లు ప్రధానంగా రెండు కుటుంబాలకు చెందినవి. ఒకటి డీజిల్ ఒత్తిడి చాలకపోవడం, కార్ల కోడ్ భాషలో పి0087గా కనిపించేది ఇదే. కామన్ రైల్ ఇంజన్‌లో ఐడిల్ మీద వందల బార్లలో ఉండే ఒత్తిడి, నిండు లోడు మీద 1,600 బార్లు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ కూడా అవసరమవుతుంది. ఆ స్థాయి అందకపోతే హై ప్రెషర్ పంపు పోయిందన్న తీర్పు వెంటనే వెలువడుతుంది. పంపు అన్నింటికంటే ఖరీదైన అనుమానితుడు, అన్నింటికంటే చివర విచారించాల్సినవాడు కూడా. డీజిల్ ఫిల్టరు సగం మూసుకుపోయినా, ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే గొట్టంలో ఏదైనా వాచరు దగ్గర గాలి పీలుస్తున్నా, ట్యాంకులోని జల్లెడకు మడ్డి పట్టినా ఇదే కోడ్ వస్తుంది. బాగా తిరిగిన ఇంజన్‌లో అరిగిన నాజిళ్లు రైల్‌లోని డీజిల్‌ను సిలిండర్‌లోకి పంపకుండా రిటర్న్ గొట్టంలోకి వదిలేస్తాయి. ఒక్కో నాజిల్ రిటర్న్ డీజిల్‌ను ఒకే కొలత సీసాల్లోకి ఒకే సమయం పాటు పట్టి చూస్తే, మిగతావాటికంటే ఎక్కువగా నిండిన సీసా అరిగిన నాజిల్‌ను పట్టిస్తుంది. నడుస్తున్న ఇంజన్‌పై హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి చూసే పాత అలవాటు మాత్రం కామన్ రైల్ మీద ప్రాణాంతకం. అంత ఒత్తిడిలో చిమ్మే డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

రెండో కుటుంబం గాలిది. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలరుకూ, అక్కడి నుంచి ఇంజన్‌కూ వెళ్లే రబ్బరు హోసులు ఐదారు లక్షల కిలోమీటర్లకు వేడికీ ఆయిల్ ఆవిరికీ మెత్తబడతాయి, క్లిప్పు కింద సన్నని చీలిక పడుతుంది. చదును రోడ్డు మీద ఆ చీలిక మూసుకునే ఉంటుంది. ఘాట్‌లో ఒత్తిడి పెరిగినప్పుడే నోరు తెరుస్తుంది. అందువల్ల షెడ్డులో ఇంజన్ ఐడిల్‌లో ఉంచి ఎంత చూసినా లీకు దొరకదు. హోసు చుట్టూ అంటుకున్న నల్లటి జిడ్డు మరక, ఎక్కుడులో వినిపించే ఈల లాంటి శబ్దం దాని ఆనవాళ్లు. గాలి మార్గాన్ని ఇంజన్ ఆపి ఉండగా కొద్దిపాటి కంప్రెసర్ గాలితో నింపి సబ్బు నీళ్లు పూస్తే బుడగలు చోటు చూపిస్తాయి. గనుల దారుల్లో ఎర్ర దుమ్ము తినే ఎయిర్ ఫిల్టరు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైకి దులిపి మళ్లీ బిగించిన ఫిల్టరులో కాగితం మడతల లోపలి దుమ్ము అలాగే ఉండిపోతుంది.

ఎత్తు కూడా తన వంతు కలుపుతుంది. కొరాపుట్ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర తీరంతో పోలిస్తే సుమారు పదో వంతు తక్కువ. బాగున్న టర్బో మరికొంత వేగంగా తిరిగి ఆ లోటును పూడుస్తుంది. బేరింగు వదులైన టర్బోకు, మసి పట్టి బిగుసుకున్న రెక్కలున్న టర్బోకు అలా పూడ్చే ఓపిక ఉండదు. పొట్టంగి దాటాక, ఘాట్ ముగిసినట్టే అనిపించే చోట లైటు వెలగడం వెనుక ఈ లెక్క ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేము.

పొగ మాయమై కోడ్ అయిన వైనం

గాలి లీకయితే పాత లారీ వెనుక నల్ల పొగ వచ్చేది. అది డ్రైవరుకు అద్దంలో కనిపించేది, వెనుక వచ్చే బండివాడు హారన్ కొట్టి మరీ గుర్తు చేసేవాడు. భారత్ స్టేజ్ 6 లారీలో అదే గాలి లీకు వల్ల అదే మసి పుడుతుంది, కానీ డీపీఎఫ్ దాన్ని పట్టేస్తుంది కాబట్టి బయటికి ఏమీ కనిపించదు. జల్లెడ త్వరత్వరగా నిండుతుంది, ఆ మసిని వేడితో కాల్చేసే రీజెనరేషన్ మాటిమాటికీ జరుగుతుంది, చివరకు డీపీఎఫ్ కోడ్ వస్తుంది. ఆ కోడ్‌ను అక్షరాలా చదివితే డీపీఎఫ్ విప్పి శుభ్రం చేయించడమో, కొత్తది వేయడమో జరుగుతుంది. వారం తర్వాత మళ్లీ అదే కోడ్. కొన్ని వందల రూపాయల హోసు చేసిన నేరానికి లక్షల రూపాయల డీపీఎఫ్ శిక్ష అనుభవించే ఈ తీరు, బాగా తిరిగిన బండ్ల మరమ్మతు ఖర్చు అదుపు తప్పడానికి బహుశా అతి పెద్ద కారణం.

డీపీఎఫ్‌లో చేరేది రెండు రకాలు. మసి కార్బన్, అది కాలిపోతుంది. బూడిద ఇంజన్ ఆయిల్‌లోని లోహ సమ్మేళనాల నుంచి వచ్చేది, అది ఎంత వేడికీ కాలదు. రీజెనరేషన్ పూర్తయ్యాక ఒత్తిడి తేడా బాగా తగ్గితే నిండినది మసి అనుకోవాలి. పూర్తయినా తగ్గకపోతే బూడిద పేరుకుందని, జల్లెడను విప్పి యంత్రంతో శుభ్రం చేయించక తప్పదని తేలుతుంది. రింగులు అరిగి ఆయిల్ తాగే ఇంజన్‌లోనూ, తక్కువ బూడిదనిచ్చే గ్రేడు బదులు పాత లారీలకు వాడే ఆయిల్ పోసిన ఇంజన్‌లోనూ బూడిద గడువు కంటే ముందే పేరుకుంటుంది. ఇంట్లో పాత బండీ కొత్త బండీ రెండూ ఉన్న యజమానులు ఒకే డ్రమ్ము ఆయిల్‌ను రెండింటికీ పోయడం వల్ల వచ్చే చిక్కు ఇది.

దిగుడు, ఖాళీ ట్రిప్పు, లోడింగ్ క్యూ

ఎక్కుడు లోపాలను పైకి తెస్తే, దిగుడు వేరే రకం లోపాలను పోగుచేస్తుంది. సుంకి నుంచి సాలూరు వైపు దిగే లారీ యాక్సిలరేటర్ మీద కాలు పెట్టదు, ఎగ్జాస్ట్ బ్రేకు మీదే దిగుతుంది. పొగ గొట్టం చల్లబడుతుంది. ఎస్‌సీఆర్ గది సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటితేనే యూరియా చల్లడం మొదలవుతుంది, డీపీఎఫ్‌లో మసిని కాల్చే చురుకైన రీజెనరేషన్‌కు 550 నుంచి 600 డిగ్రీలు కావాలి. దిగుడులోనూ, ఖాళీగా తిరిగి వచ్చే ట్రిప్పులోనూ, ఫ్యాక్టరీ గేటు ముందు ఏసీ కోసం గంటల తరబడి ఇంజన్ నడిపే క్యూలోనూ ఆ వేడి రాదు. మొదలైన రీజెనరేషన్ చెక్‌పోస్టు దగ్గర ఇంజన్ ఆపేయడంతో మధ్యలోనే ఆగిపోతుంది. ఇలా నాలుగైదు సార్లు జరిగితే లైటు వెలుగుతుంది, బండిలో మాత్రం పాడైన భాగమేదీ ఉండదు.

ఈ స్థితిలో పరిష్కారం సులువే. బండి ఆపి, స్విచ్చు నొక్కి చేసే నిలకడ రీజెనరేషన్ గానీ, లోడుతో ఒకే వేగం మీద సాగే సుదీర్ఘ ప్రయాణం గానీ చాలు. నిలకడ రీజెనరేషన్ జరిగేటప్పుడు పొగ గొట్టం నుంచి వచ్చే గాలి ఎండుటాకులను అంటించగలిగేంత వేడిగా ఉంటుంది కాబట్టి, వేసవిలో ఘాట్ పక్క అడవిలో రాలిన ఆకుల మీద బండి నిలిపి ఆ స్విచ్చు నొక్కకూడదన్నది డ్రైవర్లకు విడిగా చెప్పాల్సిన మాట.

యూరియా విషయంలో వచ్చే కోడ్లు

డెఫ్, యాడ్‌బ్లూ, లేదా డ్రైవర్ల మాటలో యూరియా అని పిలిచే ద్రావణంలో 32.5 శాతం యూరియా, మిగతాది ఖనిజాలు తొలగించిన నీరు. వేడి పొగలో అది అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. గదికి ముందూ వెనకా ఆ ఆక్సైడ్లను కొలిచే రెండు నాక్స్ సెన్సార్లు చూపే అంకెల తేడా నుంచి కంప్యూటర్ సామర్థ్యాన్ని లెక్కిస్తుంది. తేడా చాలకపోతే 4364 కోడ్, కార్ల భాషలో పి20ఈఈ.

ఈ కోడ్ రాగానే వెనుక నాక్స్ సెన్సారు మార్చడం రివాజుగా మారింది. సెన్సారు అరిగిపోయే వస్తువే, ఐదారు లక్షల కిలోమీటర్లకు చనిపోవడం వింత కాదు. అయితే సెన్సారు నిజం చెబుతున్న సందర్భాలు కూడా తక్కువేమీ కావు. యూరియా నాజిల్ మూతికి తెల్లటి గడ్డ కట్టి చల్లుడు సరిగా జరగకపోవడం, ద్రావణం పలచబడటం, ఎగ్జాస్ట్ గొట్టం జాయింటు దగ్గర లీకవడం, నాసిరకం డీజిల్ వల్ల ఎస్‌సీఆర్ గది లోపలి పూత పనిచేయకుండా పోవడం వీటిలో కొన్ని. ద్రావణం గాఢతను రిఫ్రాక్టోమీటర్ మీద ఒక్క చుక్క వేసి నిమిషంలో తేల్చవచ్చు. ఖరీదైన సెన్సారు కొనే ముందు ఆ చుక్క వేయని దుకాణమే ఎక్కువ.

ఎరువుల బస్తాలోని యూరియాను నీళ్లలో కలిపి ట్యాంకులో పోసే అడ్డదారి పొలాలున్న ప్రతి జిల్లాలోనూ ఎవరికో ఒకరికి తడుతుంది. అది పనిచేయకపోవడానికి రసాయనిక కారణాలున్నాయి. 2015 నుంచి దేశంలో వ్యవసాయానికి తయారయ్యే యూరియా మొత్తానికి వేప నూనె పూత తప్పనిసరి. పైగా ఎరువుగా అమ్మే యూరియాలో బయురెట్ అనే పదార్థం ఒకటిన్నర శాతం దాకా ఉండవచ్చు, లారీలకు వాడే ద్రావణంలో దానికి అనుమతించిన హద్దు 0.3 శాతం మాత్రమే. నూనె, బయురెట్, బోరు నీటిలోని ఉప్పులు కలిసి నాజిల్‌నూ పంపునూ ఎస్‌సీఆర్ గది లోపలి పూతనూ పాడు చేస్తాయి. అది మరమ్మతుకు లొంగే నష్టం కాదు. సబ్సిడీ ఎరువును వాహనానికి వాడటం ఎరువుల నియంత్రణ ఉత్తర్వుల కింద నేరమన్నది వేరే సంగతి.

ఈ కుటుంబం కోడ్లను నిర్లక్ష్యం చేస్తే బండే శిక్ష వేస్తుంది. భారత్ స్టేజ్ 6కు నమూనా అయిన యూరో 6 నిబంధనల్లో మొదట హెచ్చరిక, తర్వాత ఇంజన్ టార్క్‌లో పావు వంతు కోత, ఆఖరికి గంటకు 20 కిలోమీటర్ల వేగానికి కట్టడి అనే మెట్లు ఉన్నాయి. మైదానంలో టార్క్ పావు వంతు తగ్గడం చికాకు మాత్రమే. నిండు లోడుతో ఘాట్ మలుపులో అయితే బండి నిలబడిపోవడమే, వెనుక ట్రాఫిక్ ఆగిపోవడమే. హెచ్చరిక మొదలయ్యాక ఘాట్ ఎక్కే ముందే సాలూరులో ఆగడం, ఎక్కాక మధ్యలో ఆగిపోవడం కంటే అన్ని విధాలా చవక.

వానాకాలం కోడ్లు

వర్షాల్లో వచ్చే కోడ్లకు లోడుతోనూ ఎత్తుతోనూ సంబంధం ఉండదు. రాత్రి తడిసిన బండిని పొద్దున స్టార్ట్ చేస్తే లైటు వెలుగుతుంది, మధ్యాహ్నానికి ఇంజన్ వేడికి తడి ఆరి బండి మామూలవుతుంది. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి రావడం దీని ముద్ర. నాలుగు సెన్సార్లు ఒకే రాత్రి చచ్చిపోవు. వాటికి ఉమ్మడిగా వచ్చే ఐదు వోల్టుల సరఫరాయో, ఉమ్మడి ఎర్తో తెగి ఉంటుంది.

లక్షల కిలోమీటర్ల కుదుపుకు వైర్ల కట్ట ఛాసిస్ అంచుకు రాసుకుని పొర పోతుంది, ప్లగ్గు రబ్బరు సీలు ఎండి నీరు చేరుతుంది, పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది, పార్కింగ్‌లో ఎలుకలు మిగతా పని పూర్తి చేస్తాయి. ఇవన్నీ మల్టీమీటరుతో తేలే విషయాలు. 24 వోల్టుల బండిలో ఇంజన్ ఆపి ఉన్నప్పుడు బాగున్న బ్యాటరీల జంట 25 పైన, ఇంజన్ నడుస్తున్నప్పుడు 28 వోల్టుల అటూ ఇటుగా చూపాలి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య అర వోల్టు మించి కనిపిస్తే ఎర్త్ పట్టీ గీకి బిగించాల్సిందే. కంప్యూటర్లు మాట్లాడుకునే క్యాన్ వైర్ల జత మధ్య బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి, 120 వస్తే ఒక చివర తెగిందని తెలుస్తుంది. లైటు వెలిగే స్థితిలో ఒక్కో ప్లగ్గునూ వైర్ల కట్టనూ చేత్తో కదుపుతూ స్కానర్‌లో అంకె ఎప్పుడు గంతేస్తుందో చూడటం పాత ఎలక్ట్రీషియన్ల పద్ధతే. కొత్త బండ్లలోనూ దానికి మించింది లేదు.

స్కానర్ పెట్టాక చేయాల్సిన మొదటి పని

ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చవక పరికరాలు చాలావరకు 12 వోల్టుల కార్ల కోసం తయారైనవి. వాటిలో కొన్ని 24 వోల్టులకు కాలిపోతాయి, కాలనివి కూడా లారీల సొంత కోడ్లను చదవలేకపోవచ్చు. భారీ వాహనాలకు పనికొచ్చే స్కానర్ ఉన్న దుకాణాన్ని ఎంచుకోవడం మొదటి మెట్టు.

ఆ స్కానర్ పెట్టగానే కోడ్ కొట్టేయడం మాత్రం పెద్ద తప్పు. లోపం నమోదైన క్షణంలో ఇంజన్ వేగం, లోడు, నీళ్ల వేడి, గాలి ఒత్తిడి ఎంతెంత ఉన్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే పేరుతో కంప్యూటర్ దాచి ఉంచుతుంది. ఘాట్‌లో ఏం జరిగిందో షెడ్డులో తెలుసుకోవడానికి ఉన్న ఏకైక సాక్ష్యం అది. కోడ్‌తో పాటు అదీ చెరిగిపోతుంది. తెర ఫొటో తీసి ఉంచుకుని, డ్రైవరును నాలుగు ప్రశ్నలు అడిగి, తర్వాతే బండి మీద చెయ్యి వేయాలి. ఎక్కడ వెలిగింది, లోడు ఎంత, అంతకుముందు ఏ బంకులో డీజిల్ పట్టించారు, ఇటీవల ఏ పని జరిగింది? చివరి ప్రశ్నకు వచ్చే జవాబు చాలాసార్లు కోడ్ కంటే విలువైనది. క్లచ్ పని కోసం గేర్‌బాక్సు దింపిన రెండు రోజులకు వచ్చిన సెన్సారు కోడ్‌కు, సరిగా కూర్చోని ప్లగ్గు తప్ప వేరే కారణం వెతకనవసరం లేదు.

ఆ తర్వాతి క్రమంలో ఖర్చు లేని పరీక్షలు ముందు, భాగాల మార్పిడి ఆఖరున రావాలన్నది అందరూ ఒప్పుకునే సూత్రమే. ఆచరణలో అది తిరగబడటానికి ఆర్థిక కారణం ఉంది. మేస్త్రికి భాగం మార్చితే కూలి దొరుకుతుంది, మూడు గంటలు వెతికి వదులు ప్లగ్గు బిగిస్తే అడగడానికి మొహమాటం. కిరాయి పోతుందన్న తొందరలో ఉన్న యజమాని కూడా వెతికిన సమయానికి డబ్బివ్వడానికి ఇష్టపడడు. వెతకడానికి విడిగా, ముందే మాట్లాడుకున్న రుసుము ఉంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది.

లైటును చంపడం

కోడ్లతో విసిగినవారికి డీపీఎఫ్ ఖాళీ చేయించడం, యూరియా వ్యవస్థను మోసగించే పెట్టె బిగించడం, కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్పించడం దగ్గరి దారులుగా కనిపిస్తున్నాయి. కాలుష్య ప్రమాణాలను మీరిన వాహనానికి మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటి తప్పుకే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు ఉన్నాయి. రెండు రాష్ట్రాల తనిఖీల మధ్య తిరిగే బండికి ఈ ముప్పు రెండింతలు. చట్టం అటుంచినా, అరిగిన నాజిళ్లు, చిరిగిన హోసులు ఇంజన్‌లో అలాగే మిగులుతాయి. వాటి సంగతి చెప్పే లైటు మాత్రమే ఉండదు.

దీని ప్రభావం పాత లారీల బేరాల్లో ముందుగా కనిపిస్తుంది. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకముందు చెక్ ఇంజన్ లైటు కొన్ని క్షణాలు వెలగాలి, అసలు వెలగలేదంటే దాన్ని పీకేశారనో, మూసేశారనో అనుమానించాలి. వెలిగి ఆరిన బండిలోనూ స్కానర్ మరో అంకె చూపిస్తుంది, కోడ్లు చివరిసారి కొట్టేశాక బండి తిరిగిన దూరం. ఆరు లక్షల కిలోమీటర్ల మీటరున్న లారీలో ఆ అంకె 12 కిలోమీటర్లు చూపిస్తే, బేరం కుదుర్చుకునే ముందు లోడు వేసి సుంకి దాకా ఒకసారి ఎక్కించి చూడాలి.